పల్లి గింజా, మైనపు దిమ్మా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడింటిలో ఏ బస్టాండులో దిగినా గోడల మీద ఒక ప్రకటన కనబడుతుంది. మొలలు, ఫిషర్, ఫిస్టులాకు ఆపరేషన్ లేకుండా వైద్యం అని. మలంలో రక్తం చూసుకున్న మనిషి ముందు ఎవరికీ చెప్పడు. చెప్పినా ఇంట్లోవాళ్లు ‘వేడి చేసిందిలే’ అంటారు. మజ్జిగ తాగుతాడు, సబ్జా గింజలు నానబెట్టుకుంటాడు. పొద్దంతా సాంచెల (మరమగ్గాల) మధ్య నిలబడేవాడికీ, చాట ఒళ్లో పెట్టుకుని కదలకుండా బీడీలు చుట్టే ఆడబిడ్డకూ వేడి చేయడమన్నది నమ్మదగ్గ కారణమే. అప్పటికీ తగ్గకపోతే ఆర్‌ఎంపీ, ఆ తర్వాత గోడ మీది నంబరు. చాలామందికి అది నిజంగా మొలలే కాబట్టి ఈ దారి చాలాసార్లు పనిచేస్తుంది కూడా. పనిచేయని ఆ కొద్దిమంది గురించే ఈ ఫిబ్రవరి 4న రాస్తున్నాం.

2000లో ఇదే తేదీన పారిస్‌లో క్యాన్సర్‌పై పోరుకు ఒక ఒడంబడిక పత్రం మీద సంతకాలు జరిగాయి. అప్పటి నుంచి ఇది ప్రపంచ క్యాన్సర్ దినం. మన దగ్గర ఈ రోజున ర్యాలీలు తీస్తారు, బ్యానర్లు కడతారు, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం గురించి మాట్లాడతారు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే స్క్రీనింగులో ఉన్న క్యాన్సర్లు ఆ మూడే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. కారణం లెక్కల్లోనే ఉంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డవారు 1 లక్షా 92 వేల మంది అయితే, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు బయటపడ్డవారు సుమారు 70 వేల మంది. ప్రపంచం మొత్తం తీసుకుంటే లెక్క వేరు. అదే ఏడాది 19 లక్షల మందికి పైగా పేగు క్యాన్సర్ వచ్చింది, 9 లక్షల మంది చనిపోయారు. మరణాల్లో ఊపిరితిత్తుల తర్వాతి స్థానం దీనిదే.

మన దగ్గర తక్కువే. అయితే మన దేశపు ఆసుపత్రులు ఏళ్లుగా గమనిస్తున్న మూడు సంగతులు దిగులు పుట్టిస్తాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన రోగుల్లో నలభై నిండనివారి వాటా ఎక్కువ. మలాశయంలో, అంటే వేలికి అందేంత దగ్గరలో వచ్చేవీ ఎక్కువే. కణం నిండా జిగురు ఉబ్బి ఉంగరంలా కనిపించే సిగ్నెట్ రింగ్ అనే మొండి రకం కూడా ఇక్కడ ఎక్కువగా కనబడుతుంది. ఆ జిగురు అసలు ఏమిటన్న ప్రశ్న దగ్గర ఈ సంపాదకీయం కాస్త దారి మళ్లుతుంది. పేగు ముక్కకు గింజల సారంతో రంగు పట్టించి క్యాన్సర్ చక్కెరలను చూసే లెక్టిన్ స్టెయినింగ్ అనే పద్ధతి ఒకటి ఉంది. అది ఇవాళ ప్రపంచంలో ఎక్కడా రోజువారీ పేగు పరీక్ష కాలేదు. ఎందుకు కాలేదో తెలిస్తే మన జిల్లాలకు ముందుగా కావలసింది ఏమిటో కూడా తెలుస్తుంది.

చక్కెర అనగానే మనకు షుగర్ జబ్బు గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు, చాయలో వేసుకునే చక్కెరకూ సంబంధం లేదు. ఒంట్లో ప్రతి కణం పైనా చక్కెర గొలుసుల పొర ఉంటుంది. గెలాక్టోజ్, ఫ్యూకోజ్, సయాలిక్ ఆమ్లం లాంటివి ఒకదానికొకటి ముడిపడి ఆ గొలుసులవుతాయి. ఏ, బి, ఓ రక్తం గ్రూపులంటే అవే. ఏ గ్రూపుకూ బి గ్రూపుకూ తేడా గొలుసు కొసన ఉండే ఒక్క చక్కెర. పెద్దపేగులో ఈ గొలుసుల పంట మరీ విస్తారం. పేగు లోపలి గోడను సూక్ష్మజీవుల నుంచి కాపాడే జిగురు పేరు మ్యూసిన్. దాని బరువులో అధిక భాగం చక్కెరే. ఆరోగ్యంగా ఉన్న కణం ఈ గొలుసులను పొడవుగా అల్లి, కొమ్మలు వేయించి, చివర్లు మూసి వదులుతుంది. కణం క్యాన్సర్ దారి పట్టినప్పుడు ఆ అల్లిక మధ్యలో తెగుతుంది, మొండి గొలుసులు మిగులుతాయి. ఎప్పుడూ లోపల దాగి ఉండాల్సిన మొదటి రెండు చక్కెరలు బయటపడతాయి. ఆ జంటకు థామ్సెన్-ఫ్రీడెన్‌రైఖ్ యాంటిజెన్ అని పేరు, పొట్టిగా టి-యాంటిజెన్.

ఆ పేరు క్యాన్సర్ పరిశోధనలో పుట్టలేదు, పాడైపోయిన రక్తంలో పుట్టింది. 1920ల చివర కోపెన్‌హేగన్‌లో ఓలుఫ్ థామ్సెన్ ఒక వింత గమనించాడు. నిలవ ఉంచిన రక్త నమూనాలు కొన్ని, ఏ మనిషి సీరం కలిపినా ముద్దలు కట్టసాగాయి. గ్రూపులతో పనిలేదు. అతని శిష్యుడు ఫ్రీడెన్‌రైఖ్ 1930లో దాని మీద ఒక గ్రంథమే రాశాడు. నమూనాలో చేరిన సూక్ష్మజీవులు ఎర్రకణాల మీది సయాలిక్ ఆమ్లాన్ని కొరికేయడంతో కిందనున్న టి-యాంటిజెన్ బయటపడుతోందని తర్వాత తేలింది. దానికి విరుగుడు పదార్థం మనందరి రక్తంలో ముందే ఉంటుంది, ఎందుకంటే అలాంటి చక్కెరలున్న సూక్ష్మజీవులు మన పేగుల్లోనే కాపురం ఉంటాయి.

గింజల కథ అంతకన్నా పాతది. 1888లో, ఇప్పుడు ఎస్టోనియాలో ఉన్న టార్టు నగరపు విశ్వవిద్యాలయంలో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి ఆముదపు గింజల విషం మీద పనిచేస్తూ, ఆ సారం ఎర్రకణాలను ముద్ద కట్టిస్తోందని చూశాడు. చక్కెరలను పట్టుకునే ఇలాంటి ప్రొటీన్లే లెక్టిన్లు. ఒక్కో గింజ లెక్టిన్ ఒక్కో చక్కెరనే పట్టుకుంటుంది, పక్కనున్న దాన్ని ముట్టదు. ఈ సంగతిని రక్తపు గ్రూపులకు పనికొచ్చేలా చేసిన అడుగుల్లో ముఖ్యమైనది మన దేశంలోనే పడింది. ఇక్కడ సైనిక వైద్యంలో పనిచేసిన జి.డబ్ల్యు.జి. బర్డ్ 1951లో బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం అచ్చువేయించాడు. విషయం ఉలవలు. వాటి సారం ‘ఏ’ గ్రూపు రక్తాన్ని ముద్ద కట్టిస్తుంది, అందులోనూ ఏ-1ను గట్టిగా, ఏ-2ను అంతంతమాత్రంగా. ఇవాళ బ్లడ్ బ్యాంకుల్లో వాడే యాంటీ ఏ-1 లెక్టిన్ ఉలవల నుంచి తీసిందే. మనం గుగ్గిళ్లు చేసుకుని, చారు కాచుకునే ఉలవలే.

అదే బర్డ్ 1964లో పల్లీల వైపు తిరిగాడు. పల్లి గింజ సారం మామూలు ఎర్రకణాలను ముట్టలేదు. సయాలిక్ ఆమ్లం ఊడిపోయి టి-యాంటిజెన్ బయటపడ్డ కణాలనే ముద్ద కట్టించింది. అంటే థామ్సెన్ చూసిన వింతను పట్టిచ్చే సాధనం పల్లి చేనులో దొరికింది. షికాగో దగ్గర జార్జ్ స్ప్రింగర్ ఈ దారాన్ని క్యాన్సర్ దాకా లాగాడు. ఆరోగ్యకర కణజాలంలో దాగి ఉండే టి, దానికన్నా పొట్టిదైన టిఎన్ రెండూ చాలా క్యాన్సర్లలో బయటపడి ఉంటాయని 1984లో సైన్స్ పత్రికలో రాశాడు. అంతకు రెండేళ్ల ముందే, 1982లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో రిచర్డ్ బోలండ్, యంగ్ కిమ్ బృందం మనుషుల పెద్దపేగు ముక్కలకు ఈ లెక్టిన్లను పట్టించి చూసింది. మామూలు పేగు జిగురుకు పల్లి లెక్టిన్ అంటలేదు, క్యాన్సర్ జిగురుకు అంటింది. ఉలవ లెక్టిన్ దాదాపు దీనికి ఎదురు నడిచింది. ఆరోగ్యంగా ఉన్న పేగులో పైకెదిగిన ముదురు కణాల జిగురుకు అంటి, క్యాన్సర్‌లో వెనక్కి తగ్గింది. ఒకే పేగు ముక్క మీద రెండు గింజలు రెండు వైపుల నుంచి సాక్ష్యం చెప్పాయన్నమాట.

ఇక రంగు పట్టించే పని. ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, నీరంతా తీసేసి, కరిగిన పారఫిన్ మైనంలో ముంచి చల్లారిస్తే చిన్న దిమ్మ అవుతుంది. ల్యాబుల్లో దాన్ని బ్లాక్ అంటారు. మైక్రోటోమ్ అనే యంత్రంతో దాన్నుంచి మిల్లీమీటరులో రెండువందల యాభయ్యో వంతు మందాన పొర కోసి గాజు పలక మీద పరుస్తారు. మైనం కరిగించి తీసేశాక లెక్టిన్ వేస్తారు. లెక్టిన్ కంటికి కనబడదు కాబట్టి దానికి ముందే బయోటిన్ అనే విటమిన్ తగిలించి ఉంచుతారు. బయోటిన్‌ను వదలకుండా పట్టుకునే ప్రొటీన్, దాని వెంట ఒక ఎంజైము, చివర గోధుమరంగు తేల్చే రసాయనం వరసగా వేస్తారు. లెక్టిన్ అంటిన చోటల్లా గోధుమరంగు దిగుతుంది. పనిలో ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. ఇంకో పలక మీద అదే లెక్టిన్‌ను ముందుగా గెలాక్టోజ్‌తో కలిపి వేస్తారు. అప్పుడు రంగు రాకూడదు. వచ్చిందంటే లెక్టిన్ చక్కెరను కాక మరి దేన్నో పట్టుకుందని అర్థం, ఆ పూట ఫలితం పారేయాల్సిందే.

బట్టల అద్దకానికీ ఈ విద్యకూ దగ్గరి చుట్టరికం ఉందని సిరిసిల్ల పాఠకులు తెలుసుకోవాలి. పాథాలజిస్టు రోజూ వాడే హెమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు బెరడు లోపలి చేవ నుంచి వస్తుంది. అది శతాబ్దాల పాటు బట్టలకు వేసిన రంగు, పటిక కలిపితేనే పట్టేది. ఇప్పటికీ కణజాలం మీద అది పటికతోనే పడుతుంది. పేగు జిగురును నీలంగా చూపే ఆల్షియన్ బ్లూను బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ నూలు బట్టల కోసం తయారుచేసింది. 1950లో స్టీడ్‌మన్ అనే జీవశాస్త్రవేత్త దాన్ని మ్యూసిన్‌కు వాడి చూశాడు. బట్టల్లో ఆ రంగు ముచ్చట పాతబడింది కానీ పాథాలజీలో మాత్రం నిలిచింది. లండన్‌లో ఇసబెల్ ఫిలిపె 1960ల చివర ఇలాంటి రంగులతోనే, పేగు క్యాన్సర్ పక్కనే ఉన్న, చూడ్డానికి మామూలుగా కనిపించే గోడలో కూడా జిగురు స్వభావం మారిపోయి ఉంటుందని చూపింది. గడ్డ ఉన్నచోటే జబ్బు ఉండదు, చుట్టుపక్కల గోడ కూడా అప్పటికే మారుతుంటుంది.

ఇంత మాట చెప్పే రంగు ఆసుపత్రుల్లో ఎందుకు నిలవలేదు? లోపాలు చిన్నవి కావు. పల్లి లెక్టిన్ క్యాన్సర్‌కే కాదు, పేగుపూత జబ్బయిన అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ అంటుతుంది. ప్రమాదం అంతగా లేని హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌లోనూ అంటుతుంది. గోధుమరంగు వచ్చింది కదా అని రోగిని కోతకు పంపలేం. ఉలవ లెక్టిన్‌కూ, ఐరోపాలో తినే ఒక నత్త నుంచి తీసే లెక్టిన్‌కూ ఇంకో చిక్కు. అవి ‘ఏ’ రక్తపు గ్రూపు చక్కెరను కూడా పట్టుకుంటాయి. పేగు గోడ మీద ఆ చక్కెర ఉందా లేదా అన్నది మనిషి గ్రూపును బట్టి, పేగు కుడివైపా ఎడమవైపా అన్నదాన్ని బట్టి మారుతుంది. రోగి గ్రూపు తెలియకుండా స్లైడు చదివితే ‘ఏ’ గ్రూపు మనిషికి క్యాన్సర్ అంటగట్టే ప్రమాదం ఉంది. ఆ నత్త లెక్టిన్ ఎక్కువగా అంటిన గడ్డలు లింఫ్ గ్రంథులకు, కాలేయానికి పాకే గుణం ఎక్కువగా చూపిస్తాయని 1980ల చివర నుంచి చాలా అధ్యయనాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌తో మొదలై పేగు దాకా వచ్చాయి. కానీ ఒక ల్యాబు ఫలితం ఇంకో ల్యాబులో అచ్చంగా రావడం కష్టమైంది. ఫార్మలిన్‌లో ముక్క ఎన్ని గంటలు నానింది, ఎంత అంటితే అంటినట్టు లెక్క అన్నవి చేతిని బట్టి, కంటిని బట్టి మారాయి. ఈలోగా యాంటీబాడీలు, జన్యు పరీక్షలు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాయి.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అబుల్‌కలామ్ షంసుద్దీన్ చేసిన ప్రయత్నం మాత్రం మన జిల్లాల కోసమే ఆలోచించాడా అనిపిస్తుంది. డాక్టరు వేలితో మలాశయం పరీక్షించినప్పుడు గ్లవ్‌కు అంటిన జిగురును ఒక కాగితం మీద రాసి, ఒక ఎంజైము, ఆపై ఒక రంగు ద్రావణం వేస్తే సరి. గెలాక్టోజ్ ఉన్న ఆ చక్కెరల జంట బయటపడి ఉంటే కాగితం ఎర్రబారుతుంది. ఎండోస్కోపు వద్దు, ముక్క వద్దు. 1980ల చివర దీని మీద ఎంతో ఆశ పుట్టింది. వేర్వేరు దేశాల్లో పరీక్షించాక ఫలితాలు ఒక్కచోట నిలవలేదు, క్యాన్సర్ లేనివారిలోనూ ఎర్రబారడం ఎక్కువైంది. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఆ పోటీలో గెలిచింది. గెలవాల్సిందే గెలిచిందని మా అభిప్రాయం. అయితే షంసుద్దీన్ పరీక్షలో మొదటి మెట్టయిన వేలి పరీక్షే మన దగ్గర జరగడం లేదు. మలాశయ క్యాన్సర్లలో చాలావాటిని పట్టే ఆ పరీక్షకు ఒక గ్లవ్ చాలు. మొలల మందు రాసిచ్చే ముందు ఎంతమంది వేలితో చూస్తున్నారో వైద్యులే తమను తాము ప్రశ్నించుకోవాలి. సిగ్గుపడి రోగి వద్దంటాడన్నది సగం నిజమే. మిగతా సగం తీరిక లేకపోవడం.

లెక్టిన్ల కథ ఓటమి కథ కూడా కాదు. కాలేయ క్యాన్సర్‌కు వాడే ఏఎఫ్‌పీ-ఎల్3 పరీక్షలో పనిచేసేది ఎర్ర కందిపప్పు, అంటే మైసూరు పప్పు లెక్టిన్. దానికి అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. క్లోమ క్యాన్సర్‌లో, కొన్నిసార్లు పేగు క్యాన్సర్‌లో రాసే సీఏ 19-9 అనే రక్త పరీక్ష పట్టుకునేది కూడా ఒక చక్కెర గొలుసునే. దాన్ని తయారుచేసుకునే జన్యువు లేనివారు కొద్దిమంది ఉంటారు, వాళ్లకు గడ్డ ఎంత పెరిగినా ఆ అంకె పెరగదు. 2012లో కేంబ్రిడ్జ్ బృందం అన్నవాహికలో గోధుమ లెక్టిన్‌ను చల్లి, ఎండోస్కోపు వెలుగులో మామూలు కంటికి అందని చెడు మచ్చలను చూపించింది. పేగులోనూ అలాంటి దారి వెతుకుతున్నారు.

ఒక పక్కమాట. పల్లి లెక్టిన్ పేగు కణాలను వేగంగా విభజన చెందిస్తుందని లివర్‌పూల్‌లో జోనథన్ రోడ్స్ బృందం ప్రయోగాల్లో చూపింది. ఆ వార్త అటూ ఇటూ తిరిగి పల్లీలు తింటే క్యాన్సరట అన్న రూపంలో వాట్సాప్‌లో రావడం మామూలే. జనాభా అధ్యయనాలు అలా చెప్పడం లేదు. జగిత్యాల రైతులు, పల్లి చట్నీ తినేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.

లెక్టిన్ల విద్యకు మనం బయటివాళ్లం కాము. పల్లి లెక్టిన్ త్రిమితీయ నిర్మాణాన్ని 1994లో ప్రపంచానికి చూపింది బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో విజయన్, సురోలియాల బృందం. పనస గింజ లెక్టిన్ జాకలిన్ నిర్మాణం 1996లో అక్కడే తేలింది. ఆ వ్యాసంలో మొదటి పేరు ఆర్. శంకరనారాయణన్‌ది, తర్వాత ఆయన హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. జాకలిన్‌కు పల్లికి లేని గుణం ఒకటుంది, టి-యాంటిజెన్ మీద సయాలిక్ ఆమ్లం కప్పి ఉన్నా గుర్తుపడుతుంది. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంలో పనస లెక్టిన్‌తో నోటి, గర్భాశయ ముఖద్వార కణజాలాలకు రంగు పట్టించి చూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.జె. స్వామి బృందం పొట్లకాయ, కాకరకాయ గింజల లెక్టిన్లను, ఎన్. శివకుమార్ బృందం చిక్కుడు జాతి గింజల లెక్టిన్లను దశాబ్దాలుగా శోధించాయి. మన కూరగాయల బుట్టలోని గింజలన్నీ హైదరాబాద్‌లో పరిశోధన పత్రాలయ్యాయి. అక్కడి నుంచి రెండువందల కిలోమీటర్ల లోపున్న ఈ జిల్లాలకు మాత్రం ఆ తీగ పాకలేదు.

పాకించడానికి కావలసినవి ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి, వాటిలో కొన్ని పదేళ్ల కిందట లేవు. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి. 2022 నవంబరులో జగిత్యాలలో, 2023 సెప్టెంబరులో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల అంటే పాథాలజీ విభాగం ఉండి తీరాలి, మైక్రోటోమ్ ఉండి తీరాలి. జగిత్యాల పక్కన పొలాసలో నూనెగింజల మీద కూడా పనిచేసే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఏ రకం పల్లి అయినా అక్కడ అడగొచ్చు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జంతువుల పేగు మీద లెక్టిన్ రంగు నేర్పిన పాఠం ఎంత పెద్దదో అక్కడి విద్యార్థులకు చెప్పాలి. 1985లో బ్రిటన్‌లో బ్రూస్ పాండర్ బృందం ఉలవ లెక్టిన్ అంటే జాతి ఎలుకనూ, అంటని జాతి ఎలుకనూ పిండదశలోనే కలిపి పెంచింది. పుట్టిన ఎలుకల పేగులో ప్రతి చిన్న గుంటా పూర్తిగా గోధుమరంగుగానో, పూర్తిగా రంగులేకుండానో కనబడింది, రెండూ కలిసిన గుంట లేదు. అంటే ఒక్కో గుంట ఒక్క తల్లికణం సంతానం. పేగు క్యాన్సర్ ఎక్కడ మొదలవుతుందన్న ఆలోచనంతటికీ అది పునాది రాళ్లలో ఒకటి. దాన్ని చూపింది ఉలవలే.

ఇన్ని ఉన్నా, రేపే ఈ కళాశాలల్లో లెక్టిన్ రంగులు మొదలుపెట్టాలని మేం అడగడం లేదు. ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. పేగు గడ్డ ముక్క మీద ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రొటీన్లున్నాయో లేవో చూడటం ఇవాళ ప్రపంచమంతటా మామూలు పద్ధతి. చిన్న వయసు రోగికి అది వంశపారంపర్యమా అన్నది, ఏ మందు పనిచేస్తుందన్నది దానివల్ల తెలుస్తుంది. ఆ నాలుగూ ఇక్కడే చేయగలగాలి. వాటికన్నా ముందు కొలనోస్కోపీ ఇక్కడే దొరకాలి.

లెక్టిన్ల నూరేళ్లు దాటిన చరిత్ర నుంచి మేం మన జిల్లాల కోసం ఏరుకున్న పాఠం రంగుది కాదు, మైనపు దిమ్మది. నత్త లెక్టిన్ అంటిన గడ్డ ఎక్కువ పాకుతుందని వాళ్లు ఎలా చెప్పగలిగారు? ఆసుపత్రి అటకల మీద ఏళ్లనాటి దిమ్మలున్నాయి, ఒక్కో దిమ్మ పక్కన ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో రాసిన పుస్తకం ఉంది. పాత దిమ్మ నుంచి కొత్త పొర కోసి, కొత్త రంగు వేసి, పాత పుస్తకంతో సరిచూశారు. దిమ్మ దశాబ్దాలైనా చెడదు. పారఫిన్ కరగడానికి సుమారు 56 డిగ్రీలు కావాలి, జగిత్యాల మే నెల కూడా దాన్ని కరిగించలేదు. చెదలు, ఎలుకలు, చెమ్మ తగలకుండా చూస్తే చాలు.

మన దగ్గర దిమ్మ ఏమవుతోంది? కరీంనగర్‌లో ముక్క తీస్తారు. రిపోర్టుతో పాటు దిమ్మనూ స్లైడ్లనూ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటివాళ్ల చేతికిస్తారు, హైదరాబాద్‌లో మళ్లీ చూడాలంటారు కాబట్టి. ఆ కవరు అక్కడి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో ప్రయాణం చేస్తుంది. వైద్యం అయ్యాక బీరువాలో చీరల కింద ఉంటుంది, లేదా ఉండదు. మనిషి వెనక్కి వచ్చి మళ్లీ సాంచెల దగ్గర నిలబడ్డాడా, మళ్లీ రక్తం పడిందా, ఉన్నాడా, పోయాడా అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. గల్ఫ్‌కు పోయినవారి సంగతి ఇంకా దూరం. వీసా కోసం చేసే మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తారు, రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ చూస్తారు, మలంలో రక్తం చూడరు. అక్కడ నొప్పి వస్తే నొప్పి మాత్ర. తట్టుకోలేని స్థితికి వచ్చాకే మనిషి శంషాబాద్‌లో దిగుతాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో వెలువరించిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో జనాభా లెక్కన తెలంగాణ నుంచి కనిపించేది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. జగిత్యాలలో పేగు క్యాన్సర్ పెరుగుతోందా తగ్గుతోందా అన్న ప్రశ్నకు అందులో జవాబు వెతకలేం.

అందుకే రెండు కళాశాలల పాథాలజీ విభాగాలూ దిమ్మల గది ఒకటి తెరవాలి. జిల్లాలో ఎవరు ఎక్కడ ముక్క తీయించుకున్నా, హైదరాబాద్ పని అయ్యాక దిమ్మను ఇక్కడ అప్పగించి రసీదు తీసుకునే ఏర్పాటు కావాలి. అది రోగి ఆస్తి, ఎప్పుడడిగినా ఇవ్వాలి. పరిశోధనకు వాడాలంటే సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపించేలా ఉండాలి. మిగిలిన కణజాలాన్ని వాడటానికి ఐసీఎంఆర్ 2017 నియమావళిలో దారి స్పష్టంగానే ఉంది. దిమ్మ పక్కన రిజిస్టరులో వయసు, పని, రక్తపు గ్రూపు రాయాలి. గ్రూపు ఎందుకో పైన చెప్పాం, అది లేకపోతే ఉలవ లెక్టిన్ ఫలితానికి అర్థం లేదు. ఇంటి వద్ద ఉండే ఒకరి ఫోను నంబరు కూడా రాసుకోవాలి, ఎందుకంటే రోగి నంబరు దుబాయ్‌లో మారిపోతుంది. ఏడాదికోసారి ఆశా కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టాలి. ఆమెకు ఇప్పటికే ఉన్న పనుల మీద ఇది ఇంకో పని, దానికి డబ్బులివ్వాలి.

పాఠకులకు చెప్పాల్సింది ఇంకా సూటిది. నలభై దాటాక మొదటిసారి మలంలో రక్తం పడితే, రెండు మూడు వారాలుగా విరేచనం తీరు మారితే, మలం సన్నగా వస్తుంటే, మందు వాడినా మొలలు తగ్గకపోతే వేలి పరీక్ష చేయమని డాక్టరును మీరే అడగండి. చిన్న వయసువారు కూడా రక్తం ఆగకపోతే ఊరుకోవద్దు. ఆడవాళ్లలో ఇంకొకటి చూడాలి. పేగు కుడివైపు గడ్డ రక్తం కనబడనీయకుండానే ఒంట్లో రక్తాన్ని తోడేస్తుంది. బీడీలు చుట్టే అమ్మకు ఐరన్ మాత్రలు వాడుతున్నా రక్తం పెరగడం లేదంటే, ముఖ్యంగా ముట్లు ఆగిన వయసులో, కారణం పేగులో వెతకాలి.

జగిత్యాల కళాశాలలో 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లో కొందరైనా పాథాలజీలో పీజీ చేస్తారు. మన దేశంలో లెక్టిన్ రంగుల మీద పని చాలావరకు అలాంటి విద్యార్థుల థీసిస్‌ల రూపంలోనే సాగింది. వాళ్లు అంశం వెతుక్కునే నాటికి ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన దిమ్మలు, ఒక్కోదాని వెనక ఐదేళ్ల సంగతి రాసిన రిజిస్టరు సిద్ధంగా ఉంటే, సిగ్నెట్ రింగ్ రకం మన దగ్గర ఎందుకు ఎక్కువో, ఆ జిగురులో ఏ చక్కెర తెగిందో పల్లి, ఉలవ, పనస లెక్టిన్లు మూడూ పక్కపక్కన వేసి చూడొచ్చు. రిజిస్టరు ఈ నెలలోనే మొదలవ్వాలి. ఇద్దరు ప్రిన్సిపాళ్లు, ఇద్దరు జిల్లా వైద్యాధికారులు ఒక పూట కూర్చుంటే తేలే పని.